ల్యాప్‌టాప్ కొనేటప్పుడు అంకెల మాట, చేతి మాట

ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: మనసుతో కాదు, బుర్రతో కొను. రంగు చూసి, యాడ్ చూసి, ఫ్రెండు దగ్గర ఉందని కొనకు. ప్రాసెసర్ చూడు, ర్యామ్ చూడు, రేటు చూడు. వినడానికి బాగానే ఉంటుంది. కాకపోతే ఏది మనసు మాట, ఏది బుర్ర మాట అన్నది షాపులో నిలబడ్డాక అంత తేలిగ్గా తేలదు.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయిపోయి ఇంజనీరింగ్ సీట్లు ఖరారయ్యే రోజుల్లో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే జనం సీటీసీ అని పిలిచే చోటికి, వచ్చే ఒక మామూలు కుటుంబాన్ని ఊహించుకుందాం. అబ్బాయికి గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలి. నాన్న బడ్జెట్ 55 వేలు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పెద్దనాన్న కొడుకు ఫోన్లో ఉన్నాడు. "బాబాయ్, ఐ7, 16 జీబీ కంటే తక్కువ తీసుకోవద్దు" అంటున్నాడు. షాపతను అందుకుని "ఫ్యూచర్ ప్రూఫ్ ఉంటది సార్, నాలుగేండ్లు మళ్ల చూస్కోనక్కర్లే" అంటాడు.

పైకి చూస్తే అబ్బాయిది ఎమోషన్, మిగతావాళ్లది లాజిక్. కొంచెం లోపలికి చూస్తే లెక్క తిరగబడుతుంది. ఫోన్లో ఉన్న అన్నయ్య ఐ7 అనడానికి సగం కారణం, రేపు మిషన్ స్లో అయితే ఆ మాట తన మీదికి రాకూడదని. ఎక్కువ చెప్పినవాడిని ఎవరూ తిట్టరు, తక్కువ చెప్పినవాడినే తిడతారు. "ఒకేసారి మంచిది కొనేద్దాం, మళ్లీ మళ్లీ కొనలేం" అని నాన్న బడ్జెట్ దాటడానికి సిద్ధపడటం వెనక ఉన్నది భయం. షాపతను ఆ భయం మీదే చెయ్యి వేశాడు. ఈ నలుగురిలో ఏం పని కోసం కొంటున్నాడో స్పష్టంగా తెలిసినవాడు అబ్బాయి ఒక్కడే. హాస్టల్లో రాత్రిళ్లు గేమ్స్ ఆడాలి, పగలు కోడింగ్ ల్యాబ్. అతని కోరిక నచ్చకపోవచ్చు గానీ, అందులో అస్పష్టత లేదు.

కాబట్టి అసలు చిక్కు ఎమోషన్ లాజిక్‌ని గెలవడంలో లేదు. ఎమోషన్ అంకెల వేషం వేసుకుని రావడంలో ఉంది. ఐ7, 1 టీబీ, 144 హెర్ట్జ్ అని పలికేసరికి మనం శాస్త్రీయంగా ఆలోచిస్తున్నామన్న ధీమా వస్తుంది. ఆ అంకెలు ఏం చెబుతున్నాయో, ఏం దాస్తున్నాయో చూసేవాళ్లు తక్కువ.

ఐ7 సంగతే తీసుకుంటే, అది ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో ఒక చిప్ పేరు కాదు, ఒక తరగతి పేరు. ఆ తర్వాత వచ్చే అంకెలు తరాన్ని చెబుతాయి, చివరి అక్షరం అది ఎంత కరెంటు తాగుతుందో చెబుతుంది. ఇంటెల్ 12వ తరంలో ఐ7-1255యు అనే చిప్ బేస్ పవర్ 15 వాట్లు, అందులో పెద్ద కోర్లు, అంటే బరువైన పనులు చేసే భాగాలు, 2. అదే తరంలో ఐ5-12500హెచ్ బేస్ పవర్ 45 వాట్లు, పెద్ద కోర్లు 4. కోర్లన్నీ పనిచేయాల్సిన భారీ పని ఇస్తే ఐ5 ముందుంటుంది, ఐ7 వెనకబడుతుంది. బ్యాటరీ ఎక్కువసేపు రావాలంటే మాత్రం మొదటిదే నయం. స్టిక్కర్ మీద ఈ రెండు ముక్కలూ ఉండవు, ఉండేది ఐ7 అన్న మాట మాత్రమే. 2023 డిసెంబరులో ఇంటెల్ కోర్ అల్ట్రా అని కొత్త పేర్లు పెట్టి ఆ 'ఐ'ని కూడా తీసేయడం మొదలుపెట్టాక, పాత పేర్ల లెక్కలు బట్టీపట్టిన అన్నయ్యలకి పని ఇంకా పెరిగింది.

గేముల్లో బొమ్మల్ని నడిపించే గ్రాఫిక్స్ కార్డుల దగ్గర తేడా మరీ ఎక్కువ. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 అన్న ఒకే పేరుతో ఉన్న ల్యాప్‌టాప్ చిప్‌ని తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల మధ్య తనకి నచ్చిన చోట నడిపించుకోవచ్చు. సన్నటి బాడీలో తక్కువ వాట్లతో నడిచే 4060, లావుపాటి బాడీలో పూర్తి వాట్లతో నడిచే 4060 ఒకే గేమ్‌లో ఒకేలా ఆడవు. వాట్లు అడగకుండా పేరు చూసి కొనడాన్ని లాజిక్ అనడం కష్టం.

అంకెలన్నీ బూటకమని కాదు. ర్యామ్ విషయంలో పట్టుబట్టాల్సిందే. చాలా సన్నటి మోడళ్లలో ర్యామ్‌ని మదర్‌బోర్డుకే అతికించేసి ఇస్తున్నారు, తర్వాత పెంచుకునే దారి ఉండదు. అలాంటి మిషన్ 8 జీబీతో కొంటే నాలుగేళ్లూ 8 జీబీయే. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లోనే నడిచే నకిలీ ఫోన్, తెరిచి, పక్కన బ్రౌజర్‌లో పది ట్యాబులు పెట్టుకునే సీఎస్ఈ విద్యార్థికి అది రెండో ఏడాదికే సరిపోదు. ఖాళీ స్లాట్ ఉన్న మోడల్ అయితే ఇప్పుడు 8 తీసుకుని తర్వాత వేయించుకోవచ్చు. ఇది చేత్తో పట్టుకుంటే తెలిసేది కాదు, అడిగితేనే తెలిసేది.

మరి చేతికి తెలిసేవాటి మాటేమిటి? ఇక్కడ చికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసే క్రిస్టఫర్ షీ 1996లో ప్రచురించిన ఒక ప్రయోగం బాగా పనికొస్తుంది. రెండు పాత సంగీత నిఘంటువులు. ఒకదానిలో 10 వేల పదాలు, కొత్తదానిలా ఉంది. రెండోదానిలో 20 వేల పదాలు, అట్ట చిరిగింది. రెండూ పక్కపక్కన చూపిస్తే జనం 20 వేల పదాలదానికే ఎక్కువ రేటు కట్టారు. ఒక్కొక్కరికి ఒక్కటే చూపిస్తే అట్ట బాగున్నదానికి ఎక్కువ కట్టారు. 10 వేల పదాలు ఎక్కువో తక్కువో పక్కన ఇంకోటి లేకుండా ఎవరికీ తెలియదు, చిరిగిన అట్ట మాత్రం ఒంటరిగా చూసినా తెలుస్తుంది.

షాపులో మనం చూసేది పక్కపక్కన. ఇంటికి తెచ్చుకునేది ఒక్కదాన్ని. కొనేరోజు ఒక ప్రాసెసర్ ఇంకోదానికంటే 12 శాతం వేగమన్న మాట చాలా పెద్దగా కనిపిస్తుంది, ఇంటికొచ్చాక ఆ 12 శాతాన్ని పోల్చి చూసుకోవడానికి రెండో మిషన్ ఉండదు. కీబోర్డు మెత్తగా అణిగిపోతుంటే, ఫ్యాను రొద చేస్తుంటే, కిటికీ పక్కన కూర్చుంటే తెర వెలవెలబోతుంటే మాత్రం ఏ పోలికా లేకుండానే రోజూ తెలుస్తుంది. ఏ లక్షణం గురించి వాదన వచ్చినా ఈ ప్రశ్న వేసుకుంటే సగం గొడవ తీరుతుంది: పక్కన ఇంకోటి లేకపోయినా ఇది నాకు తెలుస్తుందా?

తెర విషయంలో ఈ ప్రశ్నకి జవాబు గట్టిగా అవును అనే. తక్కువ ధర మోడళ్లలో తరచూ వచ్చే 250 నిట్స్ వెలుగు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రంగుల ప్యానెల్‌లో రంగులు పాలిపోయి ఉంటాయి, పగటి వెలుగులో అక్షరాలు చదవడానికి కళ్లు చిట్లించాలి. ఐ5 నుంచి ఐ7కి వెళ్లడానికి పెట్టే డబ్బు తెర మీద పెడితే రోజుకి ఎనిమిది గంటలు దాని ఫలితం కళ్లకి కనిపిస్తుంది. అయినా బేరంలో తెర గురించి అడిగేవాళ్లు అరుదు. తెర బాగుంది అంటే ముచ్చటపడ్డట్టు ఉంటుంది, ఐ7 అంటే తెలిసినవాడిలా ఉంటుంది కాబట్టి.

ఈ చివరి మాటకి ఆధారం లేకపోలేదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో తిమోతీ విల్సన్, ఆయన సహచరులు 1993లో విద్యార్థులకి కొన్ని పోస్టర్లు చూపించి నచ్చింది ఇంటికి తీసుకెళ్లమన్నారు. కొందరిని ముందుగా, ఏది ఎందుకు నచ్చిందో కారణాలు రాయమన్నారు. అలా రాసినవాళ్లు చిత్రకళ పోస్టర్లను వదిలి జోకుల పోస్టర్ల వైపు ఎక్కువగా మొగ్గారు. మూడు వారాల తర్వాత అడిగితే, కారణాలు రాయకుండా తీసుకున్నవాళ్లే తమ పోస్టరుతో ఎక్కువ సంతోషంగా ఉన్నారు. జోకు ఎందుకు నచ్చిందో చెప్పడం సులువు, ఒక పెయింటింగ్ ఎందుకు నచ్చిందో చెప్పడం కష్టం. కారణం చెప్పమంటే మనిషి మాటల్లో పెట్టగలిగినదాని వైపు జరుగుతాడు. నాన్నకి, అన్నయ్యకి, రేపు కాలేజీలో ఫ్రెండ్స్‌కి జవాబు చెప్పుకోవాల్సిన కొనుగోలులో ఇది మరీ బలంగా పనిచేస్తుంది. 16 జీబీ అన్నది చెప్పుకోగల కారణం. కీబోర్డు మీద వేళ్లు హాయిగా కదిలాయి అన్నది చెప్పుకోవడానికి మొహమాటం.

పోస్టరుకీ ల్యాప్‌టాప్‌కీ తేడా ఉందన్నదీ నిజమే. పోస్టరుకి సర్వీస్ సెంటర్ అక్కర్లేదు, అతికించిన ర్యామ్ ఉండదు. అందుకే పనిని విడగొట్టుకోవాలి. చేతికి, కంటికి, చెవికి తెలిసేవి వాటికే వదిలేయాలి. అవి పట్టుకోలేనివి, అంటే ర్యామ్ మార్చుకోవచ్చా, గ్రాఫిక్స్ ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు, వారంటీలో ఇంటికి వచ్చి చూస్తారా, కాగితం మీదే తేల్చుకోవాలి. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. బరువుని 1.6 కేజీలు అని కాగితం మీద చదువుతారు, ఎత్తి చూడరు. వారంటీ గురించి షాపతని ముఖం చూసి నమ్మేస్తారు, కాగితం చదవరు.

పూర్తిగా ఎమోషన్ తీసేసి కొంటే ఎలా ఉంటుందో చూడాలంటే కొండాపూర్, మాదాపూర్ వైపు ఎక్సెల్ షీటు వేసుకుని కొనే ఇంజనీర్లను చూడాలి. పద్నాలుగు కాలమ్‌లు, ఒక్కోదానికి వెయిటేజీ, చివర మొత్తం స్కోరు. స్కోరులో మొదట వచ్చిన మోడల్ మీద మనసు లేకపోతే వెయిటేజీలు సర్దుతారు, అనుకున్నది పైకి వచ్చేదాకా. ఇందులో తప్పేమీ లేదు, ఆ సర్దుబాటు చేస్తున్నప్పుడే తమకి ఏం కావాలో వాళ్లకి తెలుస్తుంది. సర్దకుండా స్కోరుకి కట్టుబడేవాళ్లే మూడు నెలలైనా కొనకుండా రివ్యూలు చూస్తూ ఉండిపోతారు. నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో వర్ణించిన ఒక రోగి కథ ఇక్కడ గుర్తుకొస్తుంది. మెదడు ముందుభాగంలో కణితి తీసేశాక తెలివితేటల పరీక్షల్లో అతనికి మంచి మార్కులే వచ్చాయి. కానీ భావోద్వేగాలు మొద్దుబారాయి, వాటితోపాటు నిర్ణయాలు తీసుకునే శక్తీ పోయింది. ఒక పనికి ఎన్ని దారులున్నాయో చెప్పగలడు, ఒక దారి పట్టలేడు. డమాసియో సిద్ధాంతం మీద శాస్త్రవేత్తల్లో వాదాలున్నాయి గానీ, ఇష్టాయిష్టాలు లేకుండా లెక్క ఒక్కటే ఎంపిక చేయలేదన్న మాటని కాదనడం కష్టం.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎమోషన్‌ని ఒక కంట కనిపెట్టాలి. 55 వేల బడ్జెట్‌తో మొదలైన బేరం "ఇంకో ఐదు వేలు వేస్తే" అన్న మాటతో 60కి, అదే మాటతో 65కి వెళ్తుంది. అరవై వేల పక్కన ఐదు వేలు చిన్నగా కనిపిస్తాయి. అదే మనిషి మెహిదీపట్నం రైతుబజార్‌లో కేజీ టమాటా మీద ఐదు రూపాయల కోసం రెండు కొట్లు తిరుగుతాడు. మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్స్‌కీ, కానెమన్ 1981లోనే దీన్ని చూపించారు. 15 డాలర్ల వస్తువు మీద 5 డాలర్లు మిగులుతాయంటే చాలామంది ఇరవై నిమిషాలు ప్రయాణం చేసి వేరే షాపుకి వెళ్తామన్నారు, 125 డాలర్ల వస్తువు మీద అదే 5 డాలర్లంటే ఎక్కువమంది కదలమన్నారు. మిగిలే డబ్బు రెండు చోట్లా ఒకటే. ఐదు వేలని అరవై వేలలో శాతంగా కాక, హాస్టల్ మెస్ బిల్లుగా చూస్తే దాని అసలు సైజు తెలుస్తుంది.

నో కాస్ట్ ఈఎంఐ కూడా ఇలాంటిదే. సున్నా వడ్డీ పథకాలను రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో తప్పుపట్టింది, వడ్డీని దాచి చూపించొద్దని బ్యాంకులకి చెప్పింది. అందుకే ఇప్పుడు బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం కొన్నవాళ్లే కట్టుకోవాలి. 15 శాతం వడ్డీ లెక్కన 60 వేల ల్యాప్‌టాప్‌ని 12 నెలలకి పెట్టుకుంటే అందులో వడ్డీ భాగం 4,600 రూపాయల దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ సుమారు 830. ప్రాసెసింగ్ ఫీజు వేరే. పెద్ద మొత్తం కాదు. అసలు నష్టం ఇంకోచోట ఉంది. నెలకి ఐదు వేలు అని వినగానే, చేతిలోంచి అరవై వేలు తీసిచ్చేటప్పుడు కలగాల్సిన బాధ కలగదు. ఆ బాధే బడ్జెట్‌కి కాపలా.

హైదరాబాద్‌కి ప్రత్యేకమైన రెండు విషయాలు ఏ రివ్యూలోనూ కనిపించవు. ఒకటి ప్రయాణం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం వైపు బండి మారే ఉద్యోగికి 2.3 కేజీల గేమింగ్ మిషన్, దాని ఇటుకంత అడాప్టరు కలిపి దాదాపు మూడు కేజీలు. పొద్దున పూట అమీర్‌పేటలో ఆ జనంలో మెట్లెక్కేటప్పుడు ఆ బరువు రోజూ గుర్తొస్తుంది. రెండోది ఎండ. మే నెలలో ఏసీ లేని ఎస్సార్ నగర్ హాస్టల్ గదిలో 45 వాట్ల ప్రాసెసర్ తన పూర్తి వేగంతో ఎక్కువసేపు నడవలేదు, వేడెక్కి తనే తగ్గించుకుంటుంది. పరికరాలను 35 డిగ్రీలు దాటిన వేడిలో వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గొచ్చని ఆపిల్ తన వినియోగదారులను హెచ్చరిస్తుంది. లిథియం బ్యాటరీ ఏ కంపెనీదైనా దాని స్వభావం అదే.

ఆపిల్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మ్యాక్‌బుక్ కొనడాన్ని మన దగ్గర షోకు కిందే జమకడతారు. జూబ్లీహిల్స్ కేఫ్‌లో టేబుల్ మీద పెట్టుకోవడానికి కొన్నాడు అంటారు. 2020 చివర్లో ఎం1 చిప్ వచ్చినప్పటి నుంచి పరిస్థితి మారింది. ఫ్యాను లేని ఎయిర్ మోడల్ చప్పుడు చేయదు, బ్యాటరీ చాలాసేపు వస్తుంది, ఎత్తితే బరువు ఉండదు. షోకు కోసం కొన్నా రాయడానికి, మామూలు కోడింగ్‌కి లాభసాటిగానే తేలొచ్చు. అదే మెకానికల్ విద్యార్థి కొంటే చిక్కు, యంత్రాల డిజైన్‌కి వాడే సాలిడ్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది. సివిల్ వాళ్లు కట్టడాల లెక్కలకి వాడే స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్ కూడా అంతే. మెషిన్ లెర్నింగ్‌లో బరువైన పని చేయాలన్నా ఎన్విడియా కార్డు ఉన్న మిషనే నయం. బ్రాంచి ఏదో అడగకుండా మ్యాక్ మంచిదా కాదా అని వాదించుకోవడం టైమ్ వేస్టు.

ఇక పాతవాటి సంగతి. హైటెక్ సిటీ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లు రీఫర్బిష్డ్, అంటే బాగుచేసిన పాతవి, అన్న పేరుతో మార్కెట్లోకి వస్తుంటాయి. గట్టి బాడీ, మంచి కీబోర్డు, విప్పి బాగుచేసుకునే వీలు, కొత్తదాని ధరలో సగం కంటే తక్కువ. లెక్క ప్రకారం చాలామంది విద్యార్థులకి ఇదే సరైన ఎంపిక. అయినా ఇంట్లో ఒప్పుకోరు. ఎవరో వాడిపడేసింది మన పిల్లకెందుకు అంటారు. ఆ ఇంట్లో ఇంజనీరింగ్‌కి వెళ్తున్న మొదటి అమ్మాయి అయితే, కొత్త డబ్బా తెరవడం, బొట్టుపెట్టి దేవుడి ముందు పెట్టడం కూడా ఆ కొనుగోలులో భాగమే. దాన్ని తెలివితక్కువతనం అనడానికి లేదు. దానికో ధర ఉందని తెలిసి, పాతిక వేలు ఎక్కువైనా ఈ ఆనందం కోసం పెడుతున్నాం అనుకుని పెడితే అందులో మోసం లేదు. అదే పాతిక వేలు ఐ7 కోసం పెట్టి, లాజిక్‌గా కొన్నాం అనుకుంటే ఉంది.

పాతది కొనడానికి ఇష్టపడేవాళ్లనూ అంకెల వేషం వదిలిపెట్టదు. ఆరో తరం, ఏడో తరం ఐ7 మిషన్లు చవగ్గా దొరుకుతాయి, చూడ్డానికి ఆకర్షణీయంగా ఉంటాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి ఉంది. ఆ లెక్కన ఏడో తరం ఐ7 కంటే ఎనిమిదో తరం ఐ5 మేలు. తర్వాత చూడాల్సింది బ్యాటరీ. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్టు తీసుకునే వీలుంది. కొత్తప్పుడు ఎంత నిలవ ఉండేది, ఇప్పుడు నిండా ఛార్జ్ చేస్తే ఎంత నిలుస్తోంది అన్న రెండు అంకెలు అందులో కనిపిస్తాయి. రెండోది మొదటిదానిలో సగానికి దిగిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా బేరంలో కలపాలి. ఆ రిపోర్టు తీసి చూపించడానికి షాపతను నసిగితే అక్కడ ఆగనక్కర్లేదు, సీటీసీలో పక్క షాపు నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది.